“ఎంత పర్సెంట్ బ్లాక్ ఉందమ్మా?”

నేను పని చేసేది గుండెకు సీటీ స్కాన్ తీసే గదిలో. డాక్టర్‌ని కాదు, టెక్నీషియన్‌ని. స్కాన్ అయిపోయి టేబుల్ దిగుతూనే చాలామంది అడిగే మాట ఒక్కటే: “ఎంత పర్సెంట్ బ్లాక్ ఉందమ్మా?” రిపోర్ట్ చెప్పే అధికారం నాకు లేదు కాబట్టి నవ్వి ఊరుకుంటాను. మా అక్క, బావగారు ఒకరి తర్వాత ఒకరు ఈ టెస్టుల్లో పడ్డాక మాత్రం ఊరుకోవడం కుదరలేదు. వాళ్లకి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ముందు ఒక హెచ్చరిక. ఛాతీలో బిగపట్టినట్టు నొప్పి ఇప్పుడే వస్తూ, చెమటలు పడుతుంటే ఇది చదువుతూ కూర్చోకండి, ఎమర్జెన్సీకి వెళ్లండి. అక్కడ వెంటనే ఈసీజీ తీస్తారు, రక్తంలో ట్రోపోనిన్ చూస్తారు. ట్రోపోనిన్ అనేది గుండె కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి వచ్చే ప్రోటీన్. దెబ్బ తగిలిందా లేదా అన్నది అది చెబుతుంది. ఏ రక్తనాళం ఎంత మూసుకుందో చెప్పదు. నేను రాయబోయేది ఆ తొందర లేనివాళ్ల గురించి: మెట్లెక్కితే ఆయాసం, నడిస్తే ఛాతీలో పట్టేసినట్టు ఉండి ఆగితే తగ్గడం, ఇలా కొన్నాళ్లుగా సాగుతున్నవాళ్ల గురించి.

“ఈసీజీ నార్మల్ వచ్చిందిలే” అని ధీమాగా ఉండేవాళ్లు ఎక్కువ. పడుకోబెట్టి తీసే ఈసీజీ ఆ కొద్ది క్షణాల్లో గుండెలో నడిచే కరెంటును మాత్రమే రాస్తుంది. పాత హార్ట్ ఎటాక్ గుర్తులు కనిపించవచ్చు, కొట్టుకోవడంలో తేడా ఉంటే తెలుస్తుంది. కానీ నాళం బాగా సన్నబడినవాళ్లకు కూడా విశ్రాంతిలో ఉన్నప్పుడు చక్కటి ఈసీజీ రావచ్చు. కండరానికి రక్తం ఎక్కువ కావలసినప్పుడు కదా కొరత బయటపడేది.

అందుకే ట్రెడ్‌మిల్ టెస్ట్, అదే టీఎంటీ. అక్కకి మొదట చేసింది ఇదే. చాలాచోట్ల బ్రూస్ అనే డాక్టర్ పేరుతో ఉన్న పద్ధతి వాడతారు. గంటకు 2.7 కిలోమీటర్ల వేగంతో, 10 శాతం ఎత్తు వాలుతో మొదలవుతుంది. ప్రతి 3 నిమిషాలకూ వేగం, వాలు రెండూ పెరుగుతాయి. 220 లోంచి వయసు తీసేసి, అందులో 85 శాతం దాకా గుండె వేగం వెళ్లాలని చూస్తారు. అక్కకి 54 ఏళ్లు, అంటే నిమిషానికి 141 దాకా. ఈసీజీ గీతలో ఎస్‌టీ అనే భాగం ఒక మిల్లీమీటరు, అంతకన్నా ఎక్కువ కిందికి దిగితే పాజిటివ్ అంటారు. అక్కకి దిగింది. “పాజిటివ్” అన్న మాట వినగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్.

147 పరిశోధనలను కలిపి 1989లో లెక్క వేస్తే, నిజంగా బ్లాక్ ఉన్న 100 మందిలో ఈ టెస్ట్ సుమారు 68 మందిని పట్టుకుంది. బ్లాక్ లేని 100 మందిలో 77 మందికి సరిగ్గా లేదని చెప్పింది. అంటే ఉన్నవాళ్లలో మూడో వంతు దాకా తప్పించుకుంటారు, లేనివాళ్లలో దాదాపు నాలుగో వంతు మంది అనవసరంగా భయపడతారు. ఆడవాళ్లలో ఉత్తుత్తి పాజిటివ్‌లు ఇంకా ఎక్కువ. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు, ఈసీజీలో ముందే ఎడమ బండిల్ బ్రాంచ్ బ్లాక్ (రక్తనాళం మూసుకోవడం కాదు, గుండెలో కరెంటు నడిచే దారిలో అడ్డు) ఉన్నవాళ్లకు ఆ గీత చూసి ఏమీ తేల్చలేరు. అలాగని టీఎంటీని తీసిపారేయను. ఎన్ని నిమిషాలు నడిచారు, బీపీ ఎలా పెరిగింది, నొప్పి ఎప్పుడు మొదలైంది అన్న వివరాలు పాజిటివ్, నెగెటివ్ అన్న మాట కన్నా ఎక్కువ చెబుతాయి. ఏ ఇబ్బందీ లేకుండా తొమ్మిది పది నిమిషాలు నడవగలిగినవాళ్లకు ముందున్న కాలం సాధారణంగా బాగానే ఉంటుంది. ఏ బాధా లేనివాళ్లకి హెల్త్ చెకప్ ప్యాకేజీలో కలిపి టీఎంటీ అంటగట్టడం మాత్రం నాకు అస్సలు నచ్చదు. అందులోంచి పుట్టే ఉత్తుత్తి పాజిటివ్‌లే మా స్కాన్ గది ముందు బెంచీ మీద బిక్కుబిక్కుమంటూ కూర్చుంటాయి.

అక్కని చూసినచోట మర్నాడే యాంజియోగ్రామ్‌కి రమ్మన్నారు. మరో డాక్టర్‌ని అడిగితే, ముందు సీటీ తీద్దాం అన్నారు.

సీటీ గురించి కాస్త వివరంగా రాస్తాను, ఇది నా పని కాబట్టి. ఇందులో రెండు రకాలున్నాయి, జనం రెండింటినీ కలిపేస్తుంటారు. ఒకటి కాల్షియం స్కోర్. సూది లేదు, మందు లేదు, రేడియేషన్ సుమారు ఒక మిల్లీసీవర్ట్. నాళాల గోడల్లో గట్టిపడిన సున్నం ఎంత ఉందో లెక్కవేస్తుంది. 1990లో అగాట్‌స్టన్ బృందం ప్రకటించిన లెక్కే ఇప్పటికీ వాడుతున్నారు. సున్నా అయితే మంచి కబురు, 100 దాటితే మందుల గురించి గట్టిగా ఆలోచిస్తారు, 400 దాటితే బాగా ఎక్కువ. ఏ బాధా లేకుండా, స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) మొదలుపెట్టాలా వద్దా అని ఊగిసలాడే వాళ్లకి ఇది పనికొస్తుంది. కానీ నాళం ఎంత సన్నబడిందో ఇది చెప్పదు. ఇంకా గట్టిపడని మెత్తటి కొవ్వు దీనికి కనబడదు. అందుకే ఛాతీ నొప్పి ఉన్న నలభై ఏళ్ల మనిషికి స్కోర్ సున్నా వచ్చినా “ఏమీ లేదు” అని తేల్చేయకూడదు.

రెండోది సీటీ యాంజియో. చేతి నరంలోకి అయోడిన్ ఉన్న మందు ఎక్కించి నాళాలనే చూస్తాం. మాకు ఎదురయ్యే కష్టం గుండె కదలడం. మూడు నాలుగు మిల్లీమీటర్ల నాళం, అదీ ఆగకుండా ఎగిరిపడే గుండె మీద. అందుకే గుండె వేగం నిమిషానికి 60, 65 దగ్గరికి తేవాలి. బీటా బ్లాకర్ మాత్ర ఇచ్చి కూర్చోబెడతాం. ఆత్రంగా వచ్చినవాళ్లకి 90 దగ్గర మొదలై ఎంతకీ దిగదు. అక్క మానిటర్ వంక చూస్తున్నకొద్దీ అంకె పెరగడం చూసి, నేనే దాన్ని అవతలికి తిప్పేశాను. నాళాలు విప్పారడానికి నాలుక కింద నైట్రోగ్లిజరిన్ ఇస్తే కాసేపు తలనొప్పి రావచ్చు. మందు ఎక్కేటప్పుడు గొంతులోంచి పొత్తికడుపు దాకా వేడి పాకుతుంది, బట్టల్లోనే మూత్రం పోయినట్టు అనిపిస్తుంది. పోదు. ఈ సంగతి ముందే చెప్పకపోతే ఆ క్షణంలో ఉలిక్కిపడి, బిగపట్టిన ఊపిరి వదిలేస్తారు, బొమ్మ చెడిపోతుంది.

దీని గొప్ప బలం “లేదు” అని చెప్పడంలో ఉంది. నాళాలు శుభ్రంగా కనిపిస్తే పెద్ద బ్లాక్ ఉండే అవకాశం దాదాపు లేనట్టే. అక్కకి అలాగే వచ్చింది. మర్నాటి యాంజియోగ్రామ్ రద్దయింది. ఆయాసానికి కారణం రక్తహీనత అని తర్వాత తేలింది. అయితే అందరికీ ఇంత తేలిగ్గా తెమలదు. పెద్ద నాళాలు శుభ్రంగా ఉన్నా సన్నటి నాళాల్లో లోపం వల్ల నిజమైన గుండె నొప్పి వచ్చేవాళ్లున్నారు, వాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ. నొప్పి పోకపోతే “స్కాన్ బాగుంది కదా, అంతా మీ భ్రమ” అనే మాటని ఒప్పుకోకండి.

బావగారి కథ వేరు. 61 ఏళ్లు, మోకాళ్లు అరిగాయి, ట్రెడ్‌మిల్ ఎక్కలేరు. సీటీలో కాల్షియం స్కోర్ 640. ఎడమ వైపు ముందు నాళం నడిమి భాగంలో సున్నం ముద్దలా ఉంది. ఫొటోలో బల్బు వెలుగు చుట్టూ ఉన్నవాటిని కమ్మేసినట్టు, సున్నం మా బొమ్మల్లో ఉబ్బి కనిపించి లోపలి దారిని కప్పేస్తుంది. రిపోర్ట్‌లో “50 నుంచి 70 శాతం” అని రాశారు. ఇక బావగారు ఆ అంకెనే పట్టుకున్నారు. “అరవై అనుకుందామా?” అని రోజూ అడిగేవారు.

నాళం ఆకారం చూడటం ఒకటి, కండరానికి రక్తం చాలుతోందా అని చూడటం ఇంకొకటి. టీఎంటీ రెండో ప్రశ్న వైపు నుంచి వస్తుంది. స్ట్రెస్ ఎకో కూడా అంతే: నడిపించో, డోబుటమిన్ అనే మందు ఇచ్చో గుండె వేగం పెంచి, రక్తం చాలని గోడ సరిగ్గా ముడుచుకోకపోవడాన్ని అల్ట్రాసౌండ్‌లో చూస్తారు. రేడియేషన్ ఉండదు. టీఎంటీ కన్నా నమ్మదగినదే కానీ, చూసే కంటి అనుభవం మీద చాలా ఆధారపడుతుంది. న్యూక్లియర్ స్కాన్‌లో టెక్నీషియం లాంటి రేడియో ధార్మిక మందు ఎక్కించి, విశ్రాంతిలో ఒకసారి, శ్రమలో ఒకసారి బొమ్మలు తీసి పోలుస్తారు. నడవలేనివాళ్లకు అడినోసిన్ లాంటి మందుతో నాళాలను విప్పారిస్తారు. దానికి ముందు కనీసం 12 గంటలు కాఫీ, టీ ముట్టకూడదు. కెఫీన్ ఆ మందు పనిని అడ్డుకుంటుంది. దీనికో చిత్రమైన లోపం ఉంది. ఒక చోటిని మరో చోటితో పోల్చి చూసే టెస్ట్ కాబట్టి, మూడు నాళాలూ సమానంగా మూసుకుపోతే అంతా ఒకేలా కనిపించి నార్మల్ అనిపించవచ్చు. ఎమ్మారైతోనూ ఇలాంటి స్ట్రెస్ టెస్ట్ చేస్తారు, బొమ్మలు చాలా బాగుంటాయి, కానీ అన్నిచోట్లా దొరకదు.

బావగారి డాక్టర్ వీటిని పక్కన పెట్టి నేరుగా యాంజియోగ్రామ్‌కి వెళ్లారు. నొప్పి మందులకు లొంగట్లేదు, పైగా అది ముఖ్యమైన నాళం కాబట్టి. మణికట్టు దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి, నాళంలోకే మందు వదిలి ఎక్స్‌రే తీస్తారు. ఈ పద్ధతి పుట్టింది పొరపాటున. 1958లో అమెరికాలోని క్లీవ్‌లండ్ క్లినిక్‌లో మేసన్ సోన్స్ అనే డాక్టర్ వేరే పరీక్ష చేస్తుంటే గొట్టం జారి, మందు కుడి కరోనరీ నాళంలోకి, అంటే గుండెకే రక్తం అందించే నాళంలోకి పోయింది. గుండె కొన్ని క్షణాలు ఆగింది, రోగిని దగ్గమన్నారు, మళ్లీ కొట్టుకుంది. ఇప్పుడు దీనిలో పెద్ద ప్రమాదాలు అరుదే, అయినా లేకపోలేదు. ఛాతీ నొప్పితో వచ్చిన 3,561 మందిలో సీటీతో మొదలుపెట్టిన వాళ్లనూ, నేరుగా యాంజియోగ్రామ్‌కి పంపిన వాళ్లనూ పోలుస్తూ యూరప్‌లో చేసిన డిశ్చార్జ్ అనే పరిశోధన 2022లో వచ్చింది. పరీక్ష, దాని వెంట చేసిన ప్రక్రియల తాలూకు పెద్ద చిక్కులు సీటీ వైపు 0.5 శాతం, యాంజియో వైపు 1.9 శాతం.

యాంజియోగ్రామ్‌ని అంతిమ తీర్పు అంటారు గానీ, అదీ నీడబొమ్మే. బావగారికి అందులోనూ “60 శాతం లాగే ఉంది” అన్నారు. అప్పుడు అదే గొట్టంలోంచి ప్రెజర్ వైర్ పంపారు. అడ్డంకికి ముందు, తర్వాత రక్త పీడనం కొలిచి నిష్పత్తి చూస్తారు, దాన్నే ఎఫ్ఎఫ్ఆర్ అంటారు. 0.80, అంతకన్నా తక్కువైతే రక్తం నిజంగా చాలట్లేదని లెక్క. బావగారికి 0.86 వచ్చింది. స్టెంట్ వెయ్యలేదు. ఆయన ఒకటే గింజుకున్నారు: “అరవై ఉంటే ఎలా వదిలేస్తారు?” నేను ఫేమ్ అనే పరిశోధనలోని లెక్క చూపించాను. కంటికి 50 నుంచి 70 శాతంగా కనిపించిన వాటిలో ఎఫ్ఎఫ్ఆర్ కొలిస్తే, నిజంగా రక్తాన్ని ఆపుతున్నవి 35 శాతమే. 71 నుంచి 90 శాతంగా కనిపించిన వాటిలో కూడా 20 శాతం ఆపట్లేదు.

వదిలేయడం అంటే ఊరికే ఉండటమూ కాదు. స్టాటిన్, ఆస్పిరిన్, బీపీ మందు మొదలయ్యాయి, నొప్పికి మందు మార్చారు, సిగరెట్ మానిపించారు. స్కాట్‌హార్ట్ పరిశోధనలో 4,146 మందిని ఐదేళ్లు చూస్తే, మామూలు పరీక్షలకు సీటీ యాంజియో కూడా జోడించిన వాళ్లలో గుండెజబ్బు మరణాలు, ఎటాక్‌లు కలిపి 2.3 శాతం, మిగతావాళ్లలో 3.9 శాతం. స్కాన్ దానంతట అది ఎవరినీ కాపాడలేదు. నాళంలో కొవ్వు కళ్లారా కనిపించాక ఎక్కువ మందికి సరైన మందులు అందాయి. ఎటాక్ తెచ్చేది ఎప్పుడూ పెద్ద బ్లాకే కాదు కూడా, చిన్నగా కనిపించిన కొవ్వు పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టి ఉన్నట్టుండి మూసేయవచ్చు. టీఎంటీ నెగెటివ్ వచ్చిన నెలలోనే ఎటాక్ వచ్చిందని మనం వినే ఉదంతాల్లో చాలా వరకూ ఇవే.

సీటీకో, యాంజియోకో వెళ్తుంటే కిడ్నీ సంగతి ముందే చెప్పండి, క్రియాటినిన్ రిపోర్ట్ తీసుకెళ్లండి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ మాట, ఇంతకుముందు స్కాన్ మందు పడకపోయి ఉంటే అది, ఆస్తమా ఉంటే అదీ చెప్పండి. పాత స్టెంట్ ఉంటే దాని సైజు ఉన్న కాగితం తెండి. 3 మిల్లీమీటర్ల కన్నా సన్నటి స్టెంట్ లోపల మా సీటీకి సరిగ్గా కనబడదు, అప్పుడు వేరే టెస్టే మేలని డాక్టర్ ముందే మార్చవచ్చు. బయటికి వచ్చేటప్పుడు రిపోర్ట్ కాగితంతో పాటు బొమ్మల సీడీ కూడా అడిగి తీసుకోండి. రెండో డాక్టర్‌కి కావలసింది అదే.