చెక్క దిమ్మలో యాభై గుల్లలు

మందుగుండు అనే మాట చిన్నప్పటి నుంచి వింటున్నదే. అందులో మందు వేరు, గుండు వేరు అన్న సంగతి మాత్రం ఆ రెండింటినీ నా చేతులతో తూటా తాలూకు ఒక ఇత్తడి గుల్లలో చేర్చిన రోజున గాని నాకు తట్టలేదు. గురి చూసి కాల్చడం నాకు ప్రాణమైన క్రీడ. కాల్చిన గుల్లలను పారేయకుండా తిరిగి నింపుకోవడం మొదలుపెట్టి ఆరేళ్లయింది. అది ఇష్టంగా చేసే పనా, చాకిరీయా అని మేము కాల్చడం సాధన చేసే రేంజ్‌లో కొత్తగా చేరినవాళ్లు తరచూ అడుగుతుంటారు. నా మటుకు నాకు గుల్లను సిద్ధం చేసేంతవరకు చాకిరీ, మందు తూచే దగ్గర నుంచి ఆనందం. ఇంత తేలికగా చెప్పగలగడానికి రెండేళ్లు పట్టింది.

ముందుగా ఒక మాట. తూటాలు నింపుకోవడం అన్ని దేశాల్లోనూ అందరికీ అనుమతి ఉన్న పని కాదు. కొన్నిచోట్ల ప్రత్యేక లైసెన్సు కావాలి, కొన్నిచోట్ల అసలే కూడదు. ఆ సంగతి తేల్చుకున్నాకే నేను పరికరాలు కొన్నాను. తరువాత నేర్పేవారి కోసం వెతికాను. మా రేంజ్‌లో దశాబ్దాలుగా ఈ పని చేస్తున్న పెద్దాయన ఒకరు ఒప్పుకున్నారు. ఆయనను అందరం మాస్టారు అని పిలుస్తాం.

మొదటి రోజు ఆయన నన్ను గుల్లలను నొక్కే ప్రెస్ దగ్గరికే రానివ్వలేదు. సంచిలోని గుల్లలన్నీ బల్ల మీద గుమ్మరించి, "ముందు ఇవి ఏరు" అన్నారు. రకం వారీగా, తయారీ ముద్ర వారీగా ఏరడానికి ఆ పూటంతా సరిపోయింది. తూటాలో గుల్ల, మందుకు నిప్పంటించే ప్రైమర్, మందు, గుండు అని నాలుగు భాగాలు. కాల్చాక తిరిగి పనికొచ్చేది గుల్ల ఒక్కటే. 70 శాతం రాగి, 30 శాతం జింకు కలిసిన ఆ ఇత్తడి, మందు మండినప్పుడు ఉబ్బి తుపాకీలో తూటా కూర్చునే గది గోడలకు అతుక్కుంటుంది. వేడి వాయువు వెనక్కి తన్నకుండా ఆపుతుంది. ఒత్తిడి తగ్గగానే కాస్త ముడుచుకుని బయటికి వచ్చేస్తుంది. అలా ఉబ్బిన గుల్లను పాత కొలతకు తేవడమే ఈ పనిలో సగానికి పైగా ఉంటుంది.

ఏరేటప్పుడు శ్రద్ధ తప్పితే ఏమవుతుందో మూడో వారంలో తెలిసింది. పాత కాలంలో రంజకం చేసిన పనిని ఇప్పుడు ప్రైమర్ చేస్తుంది. దాన్ని గుల్ల అడుగున అమర్చే పద్ధతులు రెండున్నాయి, రెండూ 1860లలో పుట్టినవే. ఒకటి అమెరికా వాడైన హైరమ్ బెర్డాన్‌ది, రెండోది బ్రిటన్ వాడైన ఎడ్వర్డ్ బాక్సర్‌ది. విచిత్రమేమిటంటే, బాక్సర్ పద్ధతి అమెరికాలో స్థిరపడింది, బెర్డాన్ పద్ధతి యూరప్‌లో నిలిచింది. బాక్సర్ గుల్ల అడుగున నట్టనడుమ ఒకే రంధ్రం ఉంటుంది. గుల్లను కొలతకు నొక్కే అచ్చును డై అంటారు; దాని లోపలి సూది అందులోంచి దిగి, వాడేసిన ప్రైమర్‌ను నెట్టేస్తుంది. బెర్డాన్ గుల్లకు నడుమ చిన్న బొడిపె, దానికి అటూ ఇటూ సన్నని రంధ్రాలు ఉంటాయి. బయటి నుంచి చూస్తే తేడా తెలియదు. నేను లోపలికి టార్చి వేసి చూడకుండా ఒకదాన్ని ప్రెస్‌లో పెట్టి పిడి దించాను. టక్కుమని సూది విరిగింది. అప్పటి నుంచి ప్రతి గుల్లనూ వెలుతురులో తిప్పి చూడకుండా ముట్టుకోను.

శుభ్రం చేయడం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. మొక్కజొన్న బెండు పొడిలో వేసి యంత్రం గంటల తరబడి ఊపుతుంది, ఆ మోత భరించాలి. ప్రైమర్లలో సీసపు సమ్మేళనం ఉంటుంది కనుక ఆ దుమ్ము ముక్కులోకి పోకూడదు. యంత్రం మూత ఆరుబయటే తీస్తాను, పని ముగిశాక చేతులు సబ్బుతో కడుక్కోనిదే నీళ్లు కూడా తాగను.

అసలు విసుగంతా రైఫిల్ గుల్లలతోనే. రివాల్వర్ గుల్ల నిటారుగా ఉంటుంది. కార్బైడ్ అనే అతి గట్టి పదార్థంతో చేసిన డై ఉంటే నూనె రాయకుండానే కొలతకు వస్తుంది. నా రైఫిల్ తూటా .308 విన్‌చెస్టర్ గుల్ల మాత్రం సీసాలాగా భుజం, మెడ ఉన్నది. దానికి పలచగా జారుడు పదార్థం రాయాలి. తక్కువైతే గుల్ల డైలో ఇరుక్కుంటుంది, ఎక్కువైతే భుజం దగ్గర సొట్ట పడుతుంది. నొక్కిన ప్రతిసారీ ఇత్తడి పొడవునా కొంచెం సాగుతుంది. ఈ గుల్ల 51.18 మిల్లీమీటర్లు మించకూడదు, మించితే కత్తిరించాలి. కత్తిరించాక మూతి లోపలా బయటా గరుకు తీయాలి, జారుడు పదార్థం తుడవాలి, ప్రైమర్ గుంతలో పేరుకున్న మసి గీకాలి. ఇదంతా రెండు వందల గుల్లలకు చేసిన రోజున బొటనవేలి చర్మం ఊడి వచ్చింది. ఆ రోజు మాస్టారితో, "ఇంత కష్టం ఎందుకండీ, కొనుక్కుంటే పోదా?" అన్నాను. ఆయన కోప్పడలేదు. "ఇంకా మందు దగ్గరికి రాలేదు కదా, వచ్చాక చెప్పు" అన్నారు.

మందు దగ్గరికి వచ్చాను. ఆయన మాట నిజమే.

యాభై గుంతలున్న చెక్క దిమ్మలో, కొత్త ప్రైమర్లు అమర్చిన యాభై గుల్లలు వరుసగా నిలబడి ఉంటాయి. బల్ల మీద ఒకే ఒక మందు డబ్బా ఉండాలి. రెండో రకం మందు ఆ గదిలోనే కనిపించకూడదని మాస్టారి కట్టడి. తూకం గ్రెయిన్లలో. ఒక గ్రెయిన్ అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు, గురిగింజ ఎత్తులో సుమారు సగం. త్రాసు ముల్లు నిలకడకు వచ్చేదాకా ఊపిరి కూడా మెల్లగా వదులుతాను. ఫ్యాను ఆపేస్తాను, ఫోను వేరే గదిలో పెడతాను. మందు తయారుచేసిన వారి పుస్తకంలో ఉన్న కనీస పరిమాణంతో మొదలుపెట్టి, వాళ్లు గీసిన గీత లోపలే ఉంటాను. గరాటులోంచి ఆ నల్లని పలుకులు జారే చప్పుడు ఇసుక రాలినట్టు ఉంటుంది. పగలంతా తలలో తిరిగిన ఆలోచనలు ఆ చప్పుడుకు అణిగిపోతాయి. రెండు గంటలు గడిచాయని గడియారం చూస్తే గాని తెలియదు. ఎంత అలసిపోయి వచ్చినా ఆ రెండు గంటల తరువాత నాకు మనసు తేటపడుతుంది.

అయితే ఆ తేటదనం భయంతో కలిసే వస్తుంది. నేను ఎక్కువగా నింపేది .38 స్పెషల్ అనే రివాల్వర్ తూటా. అది 1890ల చివర్లో వచ్చింది. అప్పట్లో పొగ వచ్చే పాతకాలపు నల్ల తుపాకీ మందు వాడేవారు కాబట్టి గుల్లను విశాలంగా చేశారు. ఈనాటి పొగ రాని మందు బలమైనది, అందులో అడుగున కొంచెమే పడుతుంది. అంటే పొరపాటున రెండుసార్లు పోసినా గుల్ల పొంగదు, కంటికి చటుక్కున తెలియదు. కాల్చితే తుపాకీయే పగిలిపోవచ్చు. అసలే పోయకపోయినా ప్రమాదమే. ప్రైమర్ ఒక్కటే గుండును నెట్టి గొట్టం మధ్యలో ఇరికిస్తుంది. అది గమనించక మరొకటి కాలిస్తే గొట్టం చీలుతుంది. అందుకే యాభై నింపాక, గుండ్లు పెట్టకముందు, టార్చి వేసి వరుస వెంట వరుస చూస్తాను. మందు మట్టం అన్నింటిలోనూ ఒక్క తీరుగా కనిపించాలి.

ఒకసారి సగంలో ఉండగా వీధి తలుపు కొట్టారు. లేచి వెళ్లి, వచ్చి కూర్చుని పని కొనసాగించాను. గుండ్లు కూడా బిగించేశాక అనుమానం పట్టుకుంది: లేచేముందు ఏ గుల్ల దగ్గర ఆగాను? టార్చి వేసి చూశానా? చెవి దగ్గర పెట్టి ఊపి చూశాను. ఒక్కో తూటాను త్రాసులో పెట్టాను. గుల్లకూ గుల్లకూ, గుండుకూ గుండుకూ బరువులో ఉండే తేడాల్లో అంత చిన్న మందు తూకం కలిసిపోతుంది, ఏమీ తేలదు. మాస్టారికి ఫోను చేశాను.

"అనుమానం ఎన్నింటి మీద?" అన్నారు.

"అన్నింటి మీదా ఉందండీ."

"అయితే అన్నీ విప్పు."

సుత్తిలా ఉండే పరికరంలో తూటాను బిగించి గట్టి దిమ్మ మీద కొడితే, ఆ విసురుకు గుండు ఊడి మందుతో సహా లోపలి గిన్నెలో పడుతుంది. యాభై తూటాలు. ఒక్కోదానికి మూడు నాలుగు దెబ్బలు. అర్ధరాత్రి దాటింది. చివరికి యాభైలోనూ మందు సరిగ్గానే ఉంది. ఆ రాత్రి వృథా అయిందని నాకు ఈనాటికీ అనిపించలేదు. మర్నాడు అవే గుల్లలను మళ్లీ దిమ్మలో నిలబెట్టి మొదటి నుంచి నింపాను.

డబ్బు మిగులుతుందని చాలామంది ఈ పనిలోకి దిగుతారు. ఒక్కో తూటాకు ఖర్చు తగ్గుతుంది, నిజమే. నేను మాత్రం తగ్గినంత మేరకు ఎక్కువ కాల్చాను, లెక్క మళ్లీ అక్కడికే వచ్చింది. వేగం కోసం మధ్యలో ఒక ప్రోగ్రెసివ్ ప్రెస్ కూడా వాడాను. పిడి ఒక్కసారి లాగితే ఒక తూటా తయారవుతుంది. పిస్టల్ పోటీలకు వారం వారం వందల కొద్దీ కాల్చేవారికి అదే సరైనది. నాకు మాత్రం చేయి ఆడుతున్నంతసేపూ కళ్లు వెనకబడుతున్నట్టు ఉండేది. ఆరు నెలలు చూసి ఒక మిత్రుడికి ఇచ్చేసి, ఒక్కోసారి ఒక్క పనే చేసే పాత ప్రెస్‌కు వచ్చేశాను.

రైఫిల్ గుల్లల చాకిరీని భరించడానికి ఒకే కారణం ఉంది. ప్రతి తుపాకీ గొట్టానికీ ఒక స్వభావం ఉంటుంది. ఒక తూటాతో గుంపుగా కొట్టినది మరో తూటాతో చెదరగొడుతుంది. మందును కొద్దికొద్దిగా మార్చి, అయిదేసి చొప్పున నింపి, పొట్లాల మీద రాసుకుని రేంజ్‌కు తీసుకుపోయాను. నాలుగో పొట్లం విప్పి వంద మీటర్ల దూరంలోని కాగితం మీద కాల్చాను. దగ్గరికి వెళ్లి చూస్తే అయిదు రంధ్రాల్లో మూడు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి, మిగతా రెండు వాటిని ఆనుకుని ఉన్నాయి. కొన్న తూటాలతో ఆ రైఫిల్ ఎన్నడూ అలా కొట్టలేదు. ఆ కాగితం నా నోటు పుస్తకంలో ఇప్పటికీ ఉంది. పక్కన తేదీ, మందు తూకం, గుల్ల పొడవు రాసి ఉన్నాయి.

మొన్న రాత్రి దిమ్మలో గుల్లలు నిలబెడుతుంటే ఒకదాని మెడ దగ్గర వెంట్రుకంత చీలిక కనిపించింది. ఏడుసార్లు నింపిన గుల్ల అది. నొక్కినకొద్దీ, కాల్చినకొద్దీ ఇత్తడి గట్టిపడి పెళుసవుతుంది. పొరపాటున కూడా మళ్లీ ఎవరూ నింపకుండా దాని మూతిని పటకారుతో నలిపి తుక్కు డబ్బాలో వేశాను. దాని గుంత ఖాళీగానే ఉంచి, ఆ పూట నలభై తొమ్మిదే నింపాను.