గాల్లో తేలిన ట్యాంకు

ఒక స్క్రీన్‌లో ట్యాంకు నేల మీదే ఉంది. పక్క స్క్రీన్‌లో అదే ట్యాంకు రెండు మీటర్లు గాల్లో తేలుతోంది. సైనిక శిక్షణకి వాడే రెండు సిమ్యులేటర్లను కలిపి ఇవాళ పొద్దున చేసిన టెస్టులో మాట ఇది.

నెట్‌వర్క్‌ది తప్పు కాదు. సిమ్యులేటర్లు ఒకదానికొకటి సమాచారం పంపుకునే పద్ధతి డీఐఎస్. దాని ప్యాకెట్‌లో ట్యాంకు స్థానం భూకేంద్రం నుంచి మీటర్లలో, 64 బిట్ల సంఖ్యలుగా వస్తుంది. నేల మాత్రం ప్యాకెట్‌లో రాదు, ఎవరి టెరైన్ (కంప్యూటర్‌లోని నేల నమూనా) వాళ్లదే. ఒకరిది 30 మీటర్లకో ఎత్తు నమోదైన గ్రిడ్, ఇంకొకరిది 90 మీటర్లకోటి అయితే రెండో వాళ్ల దగ్గర గుట్ట కొన నున్నబడిపోతుంది. గుట్ట చాటున ఉన్నామనుకున్న సిబ్బంది అవతలివాళ్లకి బట్టబయలు! ఆ శిక్షణ తప్పు అలవాటు నేర్పుతుంది. నాకు బాధ అక్కడే.

తేడా రెండు మీటర్లు కాక పదుల మీటర్లుంటే ఒకరు ఎలిప్సాయిడ్ (భూమి ఆకారానికి లెక్కల్లో వాడే నున్నటి గుండ్రని ఉపరితలం) నుంచి, ఇంకొకరు సముద్రమట్టం నుంచి ఎత్తు కొలుస్తున్నారేమో చూడండి. ట్యాంకు వణుకుతుంటే రెండు వైపుల మధ్య డేటాని మార్చి అందించే గేట్‌వేని అనుమానించండి. అది 64 బిట్లను 32కి కుదిస్తే, భూకేంద్రం నుంచి 63 లక్షల మీటర్ల దూరంలో స్థానాన్ని అర మీటరుకన్నా సన్నగా చెప్పడం కుదరదు.

త్రివిధ దళాల సిమ్యులేటర్లు కలిసి పనిచేయాలనే అమెరికా రక్షణ శాఖ 1991లో ప్రత్యేక కార్యాలయం పెట్టింది. వాళ్లు తెచ్చిన హెచ్‌ఎల్‌ఏ (సిమ్యులేటర్లను కలిపే నియమాల చట్రం) 2000లో ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈ వారి 1516 ప్రమాణమైంది. డేటా ఏ రూపంలో పంచుకోవాలో అందులో ఒప్పుకోవచ్చు. నేల ఒకేలా ఉండాలంటే మనుషులే కూర్చుని మాట్లాడుకోవాలి.

రేపు కనెక్ట్ చేసేముందు, రెండు వైపులా ఇరవై చోట్ల ఎత్తులు పోల్చాలి. గుట్టల కొనలు, వంతెనలు ముందు.