సూది పట్టడానికి 60 గంటలు: ఫ్లోరిడాలో హైజీనిస్ట్‌గా నా అనుభవం

పళ్ళ డాక్టర్ దగ్గర పళ్ళు శుభ్రం చేసే హైజీనిస్ట్‌ని నేను. మత్తు ఇంజెక్షన్ ఇవ్వొచ్చని సర్టిఫికెట్ వచ్చింది. ఇవాళ పొద్దున్నే ఫ్రేము కట్టించి, నేను పనిచేసే క్లినిక్ గోడకి తగిలించాను. అది అందరికీ కనిపించేలా ఉండాలని ఫ్లోరిడా చట్టంలోనే ఉంది. చట్టంలో లేకపోయినా తగిలించేదాన్నే.

నేను బీడీఎస్ చదివాను. తెనాలిలో ఆరేళ్ళు ప్రాక్టీస్ చేశాను. పళ్ళు తీశాను, రూట్ కెనాల్స్ చేశాను, రోజుకి తక్కువలో తక్కువ పది మత్తు ఇంజెక్షన్లు ఇచ్చాను. పెళ్ళయ్యాక టాంపా వచ్చాం. ఇక్కడ డెంటిస్ట్‌గా చేయాలంటే మళ్ళీ డెంటల్ కాలేజీలో చేరాలి. ఆ ఫీజులు మా వల్ల కాదు. కానీ ఫ్లోరిడాలో ఇంకో దారి ఉంది. బయటి దేశాల్లో నాలుగేళ్ళ డెంటల్ చదువు పూర్తి చేసినవాళ్ళు హైజీనిస్ట్ లైసెన్స్ పరీక్షలు రాయొచ్చు. మావారి ఉద్యోగం మీద నాకొచ్చిన హెచ్-4 వీసాతో వర్క్ పర్మిట్ రాగానే మొదలుపెట్టాను.

హైజీనిస్ట్ అంటే అమ్మకి అర్థం కాలేదు. "నర్సు ఉద్యోగమా?" అంది. అమ్మని అనడానికేం లేదు. మన దేశంలో 1948 నాటి డెంటిస్టుల చట్టంలోనే పళ్ళు శుభ్రం చేసే హైజీనిస్టుల గురించి విడిగా రాసి ఉంది, వాళ్ళకి రిజిస్ట్రేషన్ కూడా ఉంది. కానీ మా ఊళ్ళో హైజీనిస్టుని నేనెప్పుడూ చూడలేదు. గార తీసేదీ డాక్టరే, పన్ను పీకేదీ డాక్టరే.

కాగితాల పనిలో ఇంటిపేరు దగ్గర కొంచెం ఇబ్బంది పడ్డాను. డిగ్రీ మీద ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, పాస్‌పోర్ట్ మీద పూర్తిగా ఉంది, ఇక్కడి కార్డుల మీద మావారి ఇంటిపేరు ఉంది. మూడూ ఒకరివేనని నోటరీ చేయించిన అఫిడవిట్ ఇస్తే సరిపోయింది. మార్కుల జాబితాలు కాలేజీ నుంచి సీలు వేసిన కవర్లో నేరుగా రావాలి. నాన్నగారు నాలుగుసార్లు తిరిగి పంపించారు. నేషనల్ బోర్డు పరీక్ష 350 ప్రశ్నలు, ఒక్క రోజులో అయిపోతుంది, 75 స్కోరు రావాలి. మొదటిసారికే పాసయ్యాను. ప్లాస్టిక్ పళ్ళున్న బొమ్మ నోట్లో గార తీసే పరీక్ష నాకు అస్సలు కష్టం కాలేదు. ఫ్లోరిడా చట్టం, రూల్స్ మీద ఇంకో పరీక్ష ఉంది. దానికి అందరూ రెండు రోజులు చదివి వెళ్ళిపోతారు, నేనూ అంతే చేశాను. అదే పొరపాటు. పాసవ్వడానికి చదివాను గానీ, ఆ రూల్స్ నా చేతులకి సంబంధించినవని అప్పుడు అనుకోలేదు.

లైసెన్స్ వచ్చిన నెలకే ఒక క్లినిక్‌లో ఉద్యోగం దొరికింది. పేరు చెప్పను. మూడో వారంలో అరవై దాకా ఉన్న ఒకాయన వచ్చారు. కింది దవడ కుడివైపు చిగుళ్ళ కింద ఆరు మిల్లీమీటర్ల లోతు, గార నల్లగా గట్టిపడిపోయింది. మత్తు లేకుండా అక్కడ పని చేయడం పాపం. మొదటిసారి పరికరం పెట్టగానే ఆయన కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నారు, వేళ్ళు తెల్లబడ్డాయి. నేను ఆపేసి డాక్టర్ కోసం వెళ్ళాను. ఆయన పక్క గదిలో క్రౌన్ కోసం పన్ను అరగదీస్తున్నారు. తల ఎత్తకుండానే, "నువ్వు మీ దేశంలో డెంటిస్టువే కదా, నువ్వే ఇచ్చెయ్" అన్నారు.

నిజం చెప్తున్నాను, నా చెయ్యి సిరంజి వైపు వెళ్ళింది. ఆ బ్లాక్, అంటే కింది దవడ ఒక వైపు మొద్దుబరిచే ఇంజెక్షన్, నేను కళ్ళు మూసుకుని ఇవ్వగలను. కానీ పరీక్ష కోసం చదివిన ఒక్క మాట గుర్తొచ్చింది: సర్టిఫికెట్ లేని హైజీనిస్ట్ లోకల్ అనస్థీషియా ఇవ్వకూడదు. "నేను ఇవ్వలేనండీ, నాకు సర్టిఫికెట్ లేదు" అన్నాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. పేషెంట్ నలభై నిమిషాలు అలాగే కుర్చీలో కూర్చున్నారు, నేను పక్కన గ్లవ్స్ వేసుకుని నిలబడ్డాను. చివరికి డాక్టర్ వచ్చి ఇంజెక్షన్ ఇస్తూ, నన్ను చూపించి పేషెంట్‌తో అన్నారు: "అక్కడ డాక్టరట. ఇక్కడ సూది పట్టడానికి కూడా పనికిరాదు." ఫ్రంట్ డెస్క్ అమ్మాయి తలుపు దగ్గరే ఉంది. నవ్వింది.

ఆ రోజు ఇంటికొచ్చేదాకా ఏడవలేదు. కారు పార్క్ చేశాక ఏడ్చాను. మావారు "వదిలేయ్, ఇంకో క్లినిక్ చూసుకుందాం" అన్నారు. వదలబుద్ధి కాలేదు. రాత్రి పిల్లాడు పడుకున్నాక ఫ్లోరిడా చట్టం 466వ అధ్యాయం తెరిచి, మొదటిసారి పరీక్ష కోసం కాకుండా నా కోసం చదివాను.

అందులో అంతా స్పష్టంగానే ఉంది. హైజీనిస్ట్ మత్తు ఇంజెక్షన్ ఇవ్వాలంటే 30 గంటల పాఠాలు, 30 గంటల క్లినికల్ శిక్షణ ఉన్న కోర్సు చేయాలి. పేషెంట్‌కి 18 ఏళ్ళు నిండాలి, వేరే మత్తులో ఉండకూడదు. డైరెక్ట్ సూపర్‌విజన్ ఉండాలి. అంటే డెంటిస్టే జబ్బు నిర్ధారించి, పని అప్పగించి, అది అయ్యేదాకా క్లినిక్‌లోనే ఉండి, పేషెంట్ వెళ్ళేముందు చూడాలి. అర్హత లేనివాళ్ళకి పని అప్పగిస్తే అప్పగించిన డెంటిస్ట్ మీద కూడా రాష్ట్ర డెంటల్ బోర్డు చర్య తీసుకోవచ్చు. నన్ను పనికిరాదన్న మనిషి తన లైసెన్స్‌నీ నా లైసెన్స్‌నీ కలిపి పణంగా పెట్టబోయాడన్నమాట. ఆరేళ్ళ అనుభవం గురించి చట్టంలో ఒక్క ముక్క లేదు. బాధేసింది. కానీ అది అందరికీ ఒకటే రూల్, నన్ను అవమానించడానికి రాసింది కాదు. అవమానించింది మనిషి.

ఆ క్లినిక్‌లో నా గంటలు తగ్గించేశారు. నేనే మానేశాను. ఆ డబ్బుల గురించి ఇప్పటికీ విచారం లేదు.

కోర్సుకి వెళ్ళిన మొదటి రోజు నాకేం నేర్పుతారులే అనుకున్నాను. నేర్పారు. తెనాలిలో మేం పెద్ద సీసాలోంచి డిస్పోజబుల్ సిరంజిలోకి లిగ్నోకైన్ అనే మత్తుమందు లాగేవాళ్ళం, మత్తు ఎక్కువసేపు నిలవడానికి 80,000కి ఒక వంతు అడ్రినలిన్ కలిపి ఉన్నది. ఇక్కడ చిన్న గాజు గొట్టం, ఒక్కోదాంట్లో 1.7 మిల్లీలీటర్లు, సాధారణంగా లక్షకి ఒక వంతు. మనిషి బరువుని బట్టి ఎన్ని గొట్టాలు దాటకూడదో కాగితం మీద లెక్క కట్టి చూపించాలి. సిరంజి వెనక ఉంగరంలో బొటనవేలు పెట్టి, సూది లోపలికి వెళ్ళాక కొంచెం వెనక్కి లాగాలి. గొట్టంలోకి ఎర్రగా వస్తే రక్తనాళంలో ఉన్నట్టు, తీసి మళ్ళీ పెట్టాలి. తెనాలిలో పేషెంట్లు బారులు తీరి ఉన్నప్పుడు నేను ప్రతిసారీ అలా చూశానని చెప్పలేను. ఇక్కడ ఒకరికొకరం ఇచ్చుకుని నేర్చుకున్నాం. మా బ్యాచ్‌లో అందరికంటే నొప్పి తెలియకుండా ఇచ్చింది నేనేనని టీచరమ్మ క్లాసులోనే చెప్పారు. ఆ మాట నాకు కావాల్సి వచ్చింది.

ఇక ఈ దారిలో రావాలనుకునే మన బీడీఎస్ అమ్మాయిలకి. వాట్సాప్ గ్రూపుల్లో డబ్బులు తీసుకుని సలహాలిచ్చేవాళ్ళని నమ్మకండి. నాకు ఒకావిడ "ఫ్లోరిడా లైసెన్స్ వస్తే అమెరికా అంతా చెల్లుతుంది" అని చెప్పింది, అబద్ధం. మా తోడికోడలు డాలస్‌లో ఉంటుంది, అక్కడికి మారదామని ఒకప్పుడు అనుకున్నాం. టెక్సస్‌లో గుర్తింపు ఉన్న హైజీన్ కాలేజీలో చదివి ఉండాలి, మన బీడీఎస్ దారి అక్కడ లేదు. ఇక్కడ ఏ రాష్ట్రం రూల్ ఆ రాష్ట్రానిదే. వాషింగ్టన్ రాష్ట్రంలో హైజీనిస్టులు 1971 నుంచే మత్తు ఇంజెక్షన్ ఇస్తున్నారు, టెక్సస్ 2023లో గానీ చట్టం చేయలేదు. కొలరాడోలో హైజీనిస్ట్ సొంతంగా క్లినిక్ పెట్టుకోవచ్చు. మా పక్కనున్న అలబామాలో డెంటిస్ట్ దగ్గరే పని నేర్చుకుని లైసెన్స్ తెచ్చుకునే పద్ధతి ఉంది. మీరు ఉండబోయే రాష్ట్రం చట్టం మీరే చదవండి. ఇంగ్లీషు కష్టమైతే రోజుకో పేజీ చదవండి. "ఇక్కడ ఎవరు చూస్తారు" అనే డాక్టర్ దగ్గర ఒక్క రోజు కూడా ఉండకండి.

ఇవాళ మధ్యాహ్నం ఫ్రేము కిందే నా మొదటి బ్లాక్ ఇచ్చాను, యాభై ఏళ్ళ ఆవిడకి. డాక్టరమ్మ పక్క గదిలో ఉన్నారు. వెనక్కి లాగి చూశాను, తేటగా ఉంది. మెల్లగా మందు ఎక్కించాను. అయిదు నిమిషాలకి ఆవిడ కింది పెదవి తాకి చూసుకుని, "మొద్దుబారిపోయింది, ఎప్పుడు గుచ్చారు?" అని అడిగింది.