గోడలు చల్లబడని రాత్రి

తెల్లవారుజామున 4 గంటల 10 నిమిషాలకు లేచి, అలవాటు ప్రకారం ముందుగా పెరటి వసారాలో వేలాడదీసిన థర్మామీటరు దగ్గరికి వెళ్లాను. 93 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించింది. సెల్సియస్ లెక్కలో అది దాదాపు 34. ఇరవై నాలుగు గంటల్లో ఊరు అన్నింటికన్నా చల్లగా ఉండవలసిన వేళ ఈ తెల్లవారుజామే.

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, ఎడారి మధ్య ఉన్న ఈ ఫీనిక్స్‌కు వచ్చిన మొదటి రెండు వేసవుల్లో నేను పగటి వేడినే చూసేవాణ్ని. 112, 115, 117 అని రోజూ రాసుకునేవాణ్ని. ఇప్పుడు ఈ డైరీలో రాత్రి కనిష్ఠాన్నే మొదట రాస్తున్నాను, ఎందుకంటే పగలు తలకెక్కిన వేడిని మనిషి, ఇల్లు, చెట్టు మూడూ దించుకోవలసింది రాత్రిపూటే. రాత్రి చల్లబడకపోతే నిన్నటి బాకీ తీరకుండానే కొత్త అప్పు మొదలవుతుంది. 2023లో వరుసగా 31 రోజులు ఎండ 110 డిగ్రీలకు తగ్గలేదని అందరూ చెప్పుకుంటారు. నాకు బాగా గుర్తున్నది మాత్రం అదే జూలైలో వరుసగా 16 రాత్రులు 90కి దిగకుండా గడిచిపోవడం. జూలై 19న కనిష్ఠమే 97. ఆ తెల్లవారుజామున తలుపు తీసినప్పుడు ముఖానికి తగిలిన గాలిని నేను ఇంకా మరచిపోలేదు.

నాలుగున్నరకు కాలువ గట్టు మీదికి నడకకు వెళ్లాను. సూర్యోదయం ఐదున్నరకు కాస్త ముందు అవుతుంది కాబట్టి గంట సేపు నడవడానికి వీలుంటుంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరుపుతాయి. అరిజోనా 1968 నుంచి ఆ పద్ధతిని వదిలేసింది. అలా వదిలేయడం మంచి పని అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను, ఎందుకంటే ఇక్కడ ఎవరికీ కావలసింది ఎక్కువసేపు ఉండే సాయంకాలపు వెలుగు కాదు. ఈ ఊరి కాలువల్లో కొన్ని హోహోకం ప్రజలు శతాబ్దాల క్రితం చేతి పనిముట్లతో తవ్వుకున్న దారుల వెంటే సాగుతున్నాయి. వాళ్లు వదిలివెళ్లిన కాలువల మీద మళ్లీ ఊరు లేచింది కనుకనే దీనికి బూడిదలోంచి లేచే పక్షి పేరు పెట్టారు. గట్టు మీద నడిచే ప్రతిసారీ, ఏ యంత్రమూ లేకుండా ఇక్కడ తరాల తరబడి బతికినవాళ్లను తలచుకుంటాను.

వంతెన దగ్గర ఒకావిడ తన కుక్కను ఆపి, తాను వంగి అరచేతి వెనుక భాగాన్ని తారురోడ్డుకు ఆనించి, లోలోపల అంకెలు లెక్కపెట్టుకుని, ఆ తరువాతే కుక్కతో రోడ్డు దాటింది. ఇంకా పొద్దు పొడవలేదు. మధ్యాహ్నం ఈ తారు 160 డిగ్రీలు దాటుతుంది. రోడ్డు మీద జారిపడి, వెంటనే లేవలేక, ఒళ్లు కాలి ఆసుపత్రిలో చేరేవాళ్లు ప్రతి వేసవిలోనూ ఉంటారు. ఆ వేడిని తారు సాయంత్రం దాకా దాచుకుని రాత్రంతా మెల్లగా వదులుతుంది. కాంక్రీటూ, ఇటుక గోడలూ చేసేది అదే. ఊరికి దూరంగా ఉన్న ఎడారి రాత్రి కాగానే చల్లబడుతున్నా ఊరు చల్లబడకపోవడానికి ముఖ్య కారణం ఇది.

తిరిగివచ్చి పడమటి గోడ పక్కనున్న మెస్కీట్ చెట్టుకు నీళ్లు పెట్టాను. దీన్ని నాటి మూడేళ్లయింది. మొదలు దగ్గర కాకుండా కొమ్మల అంచు కింద, గొట్టాన్ని సన్నగా వదిలి, నీరు లోతుకు ఇంకేదాకా నలభై నిమిషాలు ఉంచుతాను. పైపైన పోసిన నీటికి వేళ్లు పైకే వస్తాయి. అలాంటి చెట్టు జూలైలో నిలవదు. ఈ ఏడాది దాని నీడ సాయంత్రం పూట గోడకు నడుము ఎత్తు వరకు చేరుతోంది. మరో నాలుగేళ్లకు గోడంతా కప్పుతుందని ఆశపడుతున్నాను. నగరపాలక సంస్థ 2020 నుంచి కొన్ని వీధులకు ఎండను తిప్పికొట్టే లేతరంగు పూత వేయిస్తోంది. దానివల్ల మధ్యాహ్నం రోడ్డు ఉపరితలం పది, పన్నెండు డిగ్రీలు తక్కువ వేడెక్కుతుంది. అయితే తిప్పికొట్టిన ఎండలో కొంత అక్కడ నడిచే మనిషికే తగులుతుంది. రాత్రివేళకు ఆ పూత మేలు చేస్తుందనే నేను అనుకుంటాను గానీ, బస్సు కోసం నిలబడినవాడికి కావలసింది చెట్టు నీడే.

పగటి సంగతి ఎక్కువగా రాయడానికి ఏమీ లేదు. ఏడున్నరకల్లా కిటికీల తెరలు దించి ఇంట్లోనే పనిచేసుకున్నాను. చన్నీళ్ల కుళాయి తిప్పితే వేడినీళ్లే వచ్చాయి. బకెట్లో పట్టి ఉంచుకుంటేనే ముఖం కడుక్కోవడానికి పనికొస్తాయి. పదకొండింటికి ఒక పని మీద బయటకు వెళ్లినప్పుడు స్టీరింగ్‌ను తువాలుతో పట్టుకోవలసి వచ్చింది. ఇక్కడి పొడి గాలిలో చెమట పుట్టీ పుట్టకముందే ఆరిపోతుంది కనుక ఒళ్లు తడవదు, చెమట పట్టలేదనే మనిషి అనుకుంటాడు. నిజానికి ఎండలో కష్టపడేవాడి ఒంట్లోంచి గంటకు లీటరుకు పైగా నీరు పోవచ్చు. మా అబ్బాయికి నేను నేర్పించిన నియమం ఒక్కటే: దాహం వేసేదాకా ఆగవద్దు. ఎవరైనా ఎండలో మాట తడబడుతూ, ఎక్కడున్నదీ తెలియకుండా ప్రవర్తిస్తే అది వడదెబ్బ కావచ్చని, ఒంటి మీద నీళ్లు పోస్తూనే అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయాలని కూడా వాడికి చెప్పి పెట్టాను. తొమ్మిదేళ్ల పిల్లవాడికి ఇది నేర్పవలసి రావడం మొదట్లో కష్టంగా అనిపించింది. ఇప్పుడు ఈత నేర్పినంత అవసరమని అనిపిస్తోంది.

మూడు గంటలకు పక్కింటి పెద్దావిడకు ఫోన్ చేశాను. ఆమెకు ఎనభై దాటాయి, ఒంటరిగా ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా రోజూ మూడింటికి ఒకసారి, పడుకునే ముందు ఒకసారి మాట్లాడుకోవాలని మేమిద్దరం ఒప్పందం చేసుకున్నాం. మా మారికోపా కౌంటీలో వేడి కారణంగా 2023లో 645 మంది, 2024లో 608 మంది చనిపోయారు. వీరిలో చాలామంది తలదాచుకోవడానికి ఇల్లు లేనివాళ్లు. ఇంటి లోపల చనిపోయినవాళ్ల విషయంలో మాత్రం అధికారుల నివేదికలు మళ్లీ మళ్లీ చెప్పేది ఒకటుంది: ఆ ఇళ్లలో చాలావాటిలో ఏసీ ఉంది, అది పనిచేయలేదు. ఈ వాక్యం చదివిన రోజునే నేను ఆమె తలుపు తట్టి ఈ ఫోన్ల సంగతి మాట్లాడాను.

సాయంత్రం ఆరుంబావుకు మా ఏసీయే ఆగిపోయింది. గాలి వస్తూనే ఉంది గానీ అందులో చలవ లేదు. బయటకు వెళ్లి నిచ్చెన ఎక్కి చూస్తే పైకప్పు మీది యంత్రం గుయ్యిమంటోంది, దాని పెద్ద ఫ్యాను మాత్రం కదలడం లేదు. మెకానిక్‌కు ఫోన్ చేస్తే తొమ్మిది గంటలకు ముందు రాలేనన్నాడు. ఆ రెండు మూడు గంటల్లో గోడ మీది థర్మోస్టాట్ అంకెలు మారడాన్ని నేను చూస్తూ కూర్చున్నాను: 79, 82, 85. తలుపులు తీసి గాలి రానిద్దామంటే బయట ఇంకా 108 ఉంది. ఫ్యాను వేసుకున్నా, గాలి ఒంటి కన్నా వేడిగా ఉన్నప్పుడు అది వేడినే మన మీదికి తోస్తుంది. తడిగుడ్డ కప్పుకుంటేనే కాస్త ఉపయోగం. పడమటి గది గోడకు లోపలివైపు అరచేయి ఆనించాను. జ్వరంతో ఉన్న మనిషి నుదురు ముట్టుకున్నట్టుగా ఉంది. చెట్టు నీడ పడిన నడుము ఎత్తు వరకు చేతిని దించుతూ వచ్చాను. అక్కడ తేడా స్పష్టంగా తెలిసింది. గీత గీసినట్టు, దాని కింద గోడ గోరువెచ్చగానే ఉంది.

ఈలోగా పక్కింటి ఆవిడే ఫోన్ చేసింది. మా పైకప్పు మీద నేను నిలబడి ఉండడం ఆమె కిటికీలోంచి చూసిందట. మా ఇంట్లో ముగ్గురినీ తన ఇంటికి రమ్మని, రాకపోతే తానే వచ్చి తీసుకువెళతానని గట్టిగా చెప్పింది. రెండేళ్లుగా ఆమె క్షేమం కనుక్కుంటున్నది నేనేనని అనుకుంటూ వచ్చాను; ఆమె కూడా అన్నాళ్లూ మా ఇంటిని కనిపెట్టుకుని ఉందని ఈరోజే తెలిసింది. ఆమె ముందుగదిలో కూర్చున్నప్పుడు పాతకాలపు కూలరు గురించి చెప్పింది. ఆమె పెళ్లయిన కొత్తలో ఇల్లంతా ఆ తడిచాపల గాలితోనే చల్లబడేదట. జూన్‌లో గాలి పొడిగా ఉన్నంత కాలం అది చక్కగా పనిచేసేదనీ, జూలైలో వర్షాకాలపు తేమ రాగానే చేతులెత్తేసేదనీ, అప్పుడు మంచాలు ఆరుబయట వేసుకుని తడిపిన దుప్పట్లు కప్పుకుని పడుకునేవాళ్లమనీ చెప్పింది. ఇప్పుడు అలా పడుకోగలరా అని మా అబ్బాయి అడిగితే, అప్పట్లో రాత్రులు ఇలా ఉండేవి కావని నెమ్మదిగా అంది. ఈ ఊళ్లో అరవై వేసవులు గడిపిన మనిషి నోట ఆ మాట విన్న తరువాత నాకు కాసేపు మరేమీ మాట్లాడాలనిపించలేదు.

తూర్పున మబ్బులు కమ్మి మెరుపులు కనిపించాయి. దుమ్ము వాసన వచ్చింది గానీ చినుకు పడలేదు. వాన కురవకుండా తేమ మాత్రమే వచ్చిన రోజులే ఇక్కడ మరీ కష్టం, ఎందుకంటే ఆ తేమ నేల వదిలే వేడిని ఆకాశంలోకి పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది.

తొమ్మిదింబావుకు మెకానిక్ వచ్చాడు. పాతికేళ్ల కుర్రవాడు. పైకప్పు ఇంకా కాలుతూ ఉండడంతో మందపాటి పరుపు ముక్క ఒకటి పరచుకుని దాని మీద మోకాళ్లూని, తలకు కట్టుకున్న దీపం వెలుగులో పనిచేశాడు. పాడైనది కెపాసిటర్, అంటే ఫ్యాను మోటారు తిరగడానికి ఊతమిచ్చే భాగం. గ్లాసంత డబ్బా అది. వేడికి పైభాగం ఉబ్బిపోయి ఉంది. ఈరోజు అతను మార్చినవాటిలో ఇది తొమ్మిదోదట. పది నిమిషాల్లో కొత్తది బిగించాడు గానీ, దిగివచ్చాక మెట్ల మీద కూర్చుని లీటరు నీళ్లు తాగేదాకా నేను అతన్ని వెళ్లనివ్వలేదు. మా ఇంటి తరువాత ఇంకా రెండు ఇళ్లు ఉన్నాయన్నాడు. అతని దగ్గరే అదనంగా ఒక కెపాసిటర్ కొని గ్యారేజీలో పెట్టుకున్నాను, మాకైనా పక్కింటికైనా పనికొస్తుందని. ఆమె యంత్రానికి సరిపడేది వేరే కొలతదని చెప్పడంతో అది కూడా ఒకటి తీసుకున్నాను.

గాలి అరగంటలో చల్లబడింది. గోడలు చల్లబడలేదు. పదిన్నరకు ఆవిడకు ఫోన్ చేసి ఇంట్లో చల్లగా ఉందని చెప్పాను. ఆమె థర్మోస్టాట్ ఎంత చూపిస్తోందో చదివి వినిపించమని అడిగి, విన్న తరువాతే పెట్టేసింది. ఇప్పుడు సమయం పన్నెండుంబావు. అబ్బాయి పక్కను పడమటి గోడకు దూరంగా, గది మధ్యలోకి లాగాము. బయట 98.