బానెట్ మీది వాటర్ పేపర్ గీతలను పాలిషర్‌తో పోగొట్టడం: నా అనుభవం

కొత్తగా రంగు వేసిన బానెట్ మీద అంటుకున్న దుమ్ము నలుసులను పెయింటింగ్ షెడ్డువారు నీళ్లతో తడిపి వాడే గరుకు కాగితం, అంటే వాటర్ పేపర్‌తో రుద్ది తీశారు కానీ, ఆ రుద్దుడు మిగిల్చిన గీతలను తీసే ఓపిక లేక, పైన నూనె పాలిష్ పూసి బండిని అప్పగించారు. కడిగే కొద్దీ ఆ నూనె వదిలి, ఎండ పడ్డప్పుడల్లా నల్ల రంగు మీద బూడిద రంగు చారలు తేలాయి. అడిగితే, "నల్ల రంగు అంటే అంతేనండీ" అన్నారు. ఆ మాట విన్న తరువాత బండిని మళ్లీ వారి చేతికి ఇవ్వాలనిపించలేదు.

బండిని కడగడం, అంచులకూ మడతలకూ మాస్కింగ్ టేపు అంటించడం సులభంగానే అయిపోయాయి. రంగు మీద ఉండే పారదర్శకమైన పొర, అంటే క్లియర్ కోట్, మందం సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. అంచుల దగ్గర అది ఇంకా పలచన కనుక టేపు విషయంలో బద్ధకం పనికిరాదు.

నన్ను తికమక పెట్టింది ఆ తరువాతి దశ. గుండ్రంగా మాత్రమే తిరిగే రోటరీ పాలిషర్‌కు ఊలు ప్యాడ్ బిగించి, నిమిషానికి 1200 నుంచి 1500 చుట్ల వేగంలో, కొంచెం కొంచెం భాగం చొప్పున, గీతలను అరగదీసే ముద్ద అయిన కాంపౌండ్‌తో పని చేస్తే, ట్యూబ్‌లైటు కింద బానెట్ అద్దంలా కనిపించింది. నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఎండలో చూస్తే గీతలు యథాస్థానంలో ఉన్నాయి. కాంపౌండ్‌లోని నూనె గీతల్లో నిండి కాంతి చెదరకుండా చేస్తుంది, అందుకే అవి పోయినట్టు కనిపిస్తాయి. షెడ్డువారి మెరుపు రహస్యం కూడా అదే. రంగు పూర్తిగా గట్టిపడిన తరువాత ఇలా ఆల్కహాల్‌తో తుడిచి చూడకుండా పని పూర్తయిందని ఎవరు చెప్పినా నమ్మవద్దు, డబ్బు తీసుకున్నవారు చెబితే అసలే నమ్మవద్దు.

ఎంత రుద్దినా పోని గీతలను దగ్గరగా పరిశీలిస్తే అసలు సంగతి తెలిసింది. ఒకే తీరుగా ఉన్న సన్నని గీతలు ప్రతిసారీ తగ్గుతున్నాయి, కానీ వాటి మధ్య అక్కడక్కడ ఒంటరిగా ఉన్న తిన్నని గీతలు మాత్రం కదలడం లేదు. అవి ముందు వాడిన ముతక కాగితం మిగిల్చినవి. కాగితం నంబరు పెరిగే కొద్దీ గరుకు రేణువు సన్నబడుతుంది: పీ1500 కాగితంలోని రేణువు సగటున సుమారు 12.6 మైక్రాన్లు, పీ2000లోనిది 10.3 మైక్రాన్లు, ముతక గీతను సన్న కాగితంతో పూర్తిగా చెరపకుండా పైపైన రుద్ది వదిలేస్తే లోతైన గీత అడుగున మిగిలిపోతుంది. దాన్ని మెషిన్‌తోనే తీయాలని పట్టుబడితే ప్యాడ్ ఒకే చోట ఎక్కువసేపు నిలిచి, వేడి పెరిగి, క్లియర్ కోట్ కాలిపోయే ప్రమాదం ఉంది. అందుకే పాలిషర్ పక్కన పెట్టి, మెత్తని బ్లాకుకు 3000 నంబరు కాగితం చుట్టి, సబ్బు నీళ్లతో పాత గీతలకు అడ్డంగా ఒకే దిశలో రుద్దాను. పాత దిశలోని గీత ఒక్కటి కూడా కంటికి కనబడని క్షణంలో ఆపాలి, అంతకు మించి ఒక్క రుద్దు కూడా వద్దు. ఆ తరువాత అదే కాంపౌండ్, అదే ప్యాడ్ అతి సులువుగా పని చేశాయి. ఆల్కహాల్ పరీక్షలోనూ నల్ల రంగు నల్లగానే నిలిచింది. షెడ్డువారు రంగు స్వభావమని తేల్చేసింది ఇదే బానెట్ అని చెప్పుకోవడం నాకు ఇప్పటికీ ఆనందమే.

ఊలు ప్యాడ్ మిగిల్చిన వలయాకారపు నీడలు, తిరుగుతూనే అటూ ఇటూ కదిలే డ్యూయల్ యాక్షన్ పాలిషర్, మెత్తని ఫోమ్ ప్యాడ్, సన్న పాలిష్‌తో తేలికగా పోయాయి. ప్యాడ్‌లో పేరుకున్న కాంపౌండ్‌ను మాటిమాటికీ బ్రష్‌తో దులపాలి, లేకపోతే ఎండిన ముద్దలే కొత్త గీతలు గీస్తాయి. నాలుగైదు సీసాల సెట్టు కొనమని ఒత్తిడి చేసే దుకాణదారులను పట్టించుకోనక్కరలేదు, నాకు ఒక కాంపౌండ్, ఒక సన్న పాలిష్ సరిపోయాయి. మడత గీటు పక్కన ఒక లోతైన గీత మిగిలింది. అక్కడ క్లియర్ కోట్ పలచన కనుక దాన్ని కావాలనే వదిలేశాను.