వాళ్లు వింటుంటే చూశాను

ఇరవై ఏళ్లుగా జాజ్ వింటున్నాను. అంతా ఇయర్‌ఫోన్లలోనే. కొన్ని రికార్డులైతే పూర్తిగా నోటికొచ్చేశాయి. ఏ సాక్సోఫోన్ ఎక్కడ ఆగుతుందో, ఏ డ్రమ్ ఎప్పుడు పడుతుందో ముందే తెలిసిపోతుంది. అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయే సంగీతాన్ని నేను బట్టీ పట్టి కూర్చున్నానన్న దిగులు ఎప్పటి నుంచో ఉండేది. పోయిన అక్టోబర్‌లో పది రోజులు సెలవు దొరికితే న్యూ ఆర్లీన్స్, ఆ తర్వాత న్యూయార్క్ అనుకుని బయల్దేరాను. రాత్రిళ్లు కచేరీలు, పగలు ఆ సంగీతం పుట్టి పెరిగిన చోట్లు. ఇంకేమీ పెట్టుకోలేదు.

న్యూ ఆర్లీన్స్‌లో దిగింది ఆదివారం. సామాను గదిలో పడేసి తిన్నగా కాంగో స్క్వేర్‌కి నడిచాను. ఇప్పుడది జాజ్ ట్రంపెట్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు పెట్టిన పార్కులో భాగం. ముసలి ఓక్ చెట్ల కింద రాళ్లు పరిచిన ఖాళీ స్థలం. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లకు వారంలో ఆదివారం ఒక్కటే కాస్త తీరిక ఉండేది. వాళ్లు గుమిగూడితే ఒక్కచోటే గుమిగూడాలని 1817లో నగర పాలకులు ఆంక్ష పెట్టారు. ఆ ఒక్కచోటు ఇదే. ఇక్కడికొచ్చి తమ డప్పులు వాయించుకున్నారు, ఆడారు, పాడారు. జాజ్ లయకు మూలం వెతుక్కుంటూ వెళ్లేవాళ్లు చివరికి ఈ చెట్ల కిందికే వస్తారు.

నేను వెళ్లేసరికి పది పదిహేను మంది గుండ్రంగా కూర్చుని డ్రమ్ములు వాయిస్తున్నారు. మధ్యలో ఒక పెద్దావిడ చేతిలో ఇనుప గంట. అందరి దెబ్బలూ మారుతున్నాయి గాని ఆ గంట దెబ్బ మారదు. ఒక పిల్లాడు, పన్నెండేళ్లుంటాయేమో, ఉత్సాహంలో తాళం తప్పాడు. ఆవిడ వాడి వైపు తలైనా తిప్పలేదు. గంటని మాత్రం కాస్త గట్టిగా కొట్టింది. రెండు మూడు ఆవర్తాల్లో పిల్లాడు మళ్లీ దారిలో పడ్డాడు. బాగుందనుకుని లేచి వచ్చేశాను. ఆ గంట మళ్లీ గుర్తొస్తుందని అప్పటికి తెలీదు.

ఆ రాత్రి ప్రిజర్వేషన్ హాల్. సెయింట్ పీటర్ వీధిలో బయట నుంచి చూస్తే పాడుబడిన ఇల్లులా ఉంటుంది. 1961లో అలన్, శాండ్రా జాఫీ అనే దంపతులు దీన్ని మొదలుపెట్టారు. అప్పటికి పాత తరం నల్లజాతి వాయిద్యకారుల చేతుల్లో పని లేదు, వినేవాళ్లు రాక్ అండ్ రోల్ వైపు వెళ్లిపోయారు. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఒకచోట కూర్చోవడమే నేరంగా చూసే రోజుల్లో ఈ గదిలో మాత్రం కలిసి కూర్చుని విన్నారు. లోపల మద్యం అమ్మరు. ముందు నేల మీద దిండ్లు, వెనక నాలుగు బల్లలు, ఆ వెనక నిలబడటమే. గోడలు పెచ్చులూడి ఉన్నాయి. ఫలానా పాట వాయించమని అడిగేవాళ్ల కోసం ఒకప్పుడు ఇక్కడ ధరల బోర్డు ఉండేదట, అందులో ఈ ఊరి పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే ఆ ‘సెయింట్స్’ పాటకే ఎక్కువ ధర. రోజూ అదే వాయించాలంటే ఎవరికైనా విసుగే కదా.

నాకు దిండు దొరికింది. ట్రాంబోన్ గొట్టం ముందుకు సాగినప్పుడల్లా నా మోకాలికి జానెడు దూరంలో ఆగుతోంది. మైకులు లేవు. ట్రంపెట్, క్లారినెట్, ట్రాంబోన్, పియానో, మనిషంత ఎత్తుండే తీగల వాయిద్యం బాస్, డ్రమ్స్, ఆరుగురూ గదిలోని గాలిని నమ్ముకుని వాయిస్తున్నారు.

న్యూ ఆర్లీన్స్ పద్ధతిలో ఒకరి తర్వాత ఒకరు కాకుండా ముగ్గురూ ఒకేసారి మాట్లాడతారు. ట్రంపెట్ పాటని పట్టుకుని నడుస్తుంది. క్లారినెట్ దాని పైన తీగలా అల్లుకుంటుంది. ట్రాంబోన్ కింద నుంచి జారుతూ సందులు నింపుతుంది. పాత రోజుల్లో వాద్య బృందాలు బళ్ల మీద ఊరేగుతున్నప్పుడు, గొట్టం జాపడానికి చోటు కావాలి కాబట్టి ట్రాంబోన్ మనిషిని బండి చివర కూర్చోబెట్టేవాళ్లని చెబుతారు. రికార్డుల్లో ఈ మూడూ ఒకదాని మీద ఒకటి పడి నాకు రణగొణగా అనిపించేవి. నిజం చెప్పాలంటే ఈ తరహా జాజ్‌ని ఇన్నేళ్లూ పక్కన పెట్టేశాను. ఆ రాత్రి వాళ్ల ముఖాలు చూస్తూ వింటే చిక్కుముడి దానంతటదే విడిపోయింది. ట్రంపెట్ ఆయన ఊపిరి తీసుకోబోతున్నాడని క్లారినెట్ ఆయనకు ముందే తెలుసు. ఆ రెప్పపాటు ఖాళీలోకి నాలుగు స్వరాలు జారవిడుస్తాడు. ఆ నాలుగు స్వరాలకీ ట్రాంబోన్ ఆయన కళ్లతో నవ్వుతాడు. ముగ్గురూ వాయిస్తున్నారు, ముగ్గురూ వింటున్నారు.

మధ్యలో ఒక కీర్తన ఎత్తుకున్నారు. ఈ ఊళ్లో అంతిమయాత్రకి వాయించే రకం. డ్రమ్మర్ వంగి చిన్న డ్రమ్ము కింది తీగలు వదులు చేశాడు. ఆ గరగర పోయి, డ్రమ్ము గుండె మీద కొట్టుకున్నట్టు మోగింది. శ్మశానం దాకా అలా మెల్లగా సాగుతారు, మనిషిని సాగనంపాక అదే బృందం హుషారు అందుకుంటుంది, వెనకున్న జనం గొడుగులూ రుమాళ్లూ ఊపుకుంటూ ఆడతారు. గదిలో కూడా అలాగే జరిగింది. తీగలు మళ్లీ బిగించిన టక్కుమన్న శబ్దం, నాలుగు దెబ్బలు, అంతే! నా పక్కన కూర్చున్న ముసలాయన కళ్లు తుడుచుకుంటూనే చప్పట్లు కొట్టాడు. ముప్పావుగంటలో కచేరీ అయిపోయింది. ఆ రాత్రే ఇంకో ఆటకి టికెట్ దొరుకుతుందేమోనని మళ్లీ లైన్లో నిలబడ్డాను గాని దొరకలేదు.

మిగతా రెండు రాత్రిళ్లూ ఫ్రెంచ్‌మెన్ వీధిలో తిరిగాను. ఒకచోట లోపల జనం గోలకి సంగీతమే వినపడలేదు, రెండు పాటలయ్యాక లేచి వచ్చేశాను. వీధి మలుపులో నిలబడి వాయిస్తున్న కుర్రాళ్ల బ్రాస్ బ్యాండ్ అంతకు నాలుగు రెట్లు బాగుంది. ఒంటికి చుట్టుకున్న సూసాఫోన్ అనే పెద్ద ఇత్తడి బాకాతో ఒక అమ్మాయి అరగంట సేపు బాస్ మోసింది. బుగ్గలు ఎర్రబడిపోయినా పట్టు వదల్లేదు.

న్యూయార్క్‌కి విమానంలో వెళ్లొచ్చు. నేను క్రెసెంట్ రైలెక్కాను. దాదాపు 2,200 కిలోమీటర్లు, ముప్పై గంటల పైచిలుకు ప్రయాణం. ఊరు దాటగానే పాంచర్‌ట్రైన్ సరస్సు మీద వంతెన, రెండు పక్కలా నీళ్లు తప్ప ఇంకేమీ కనపడదు. 1922 ఆగస్టులో ఇరవై ఒక్కేళ్ల ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా ఈ ఊరు వదిలి రైల్లోనే ఉత్తరానికి వెళ్లాడు. ఆయన వెళ్లింది షికాగోకి, గురువులాంటి కింగ్ ఆలివర్ పిలిస్తే. దారి వేరైనా కిటికీ పక్కన కూర్చుని ఆయన గురించే ఆలోచించాను.

న్యూయార్క్‌లో మా అక్క కొడుకు ఉంటాడు. వాడికి జాజ్ పడదు. "అందరూ తలో దారీ వాయిస్తారు, పాట ఎక్కడుందో అర్థం కాదు మావయ్యా" అంటాడు. అందుకని విలేజ్ వాన్‌గార్డ్ అనే జాజ్ క్లబ్‌కి ఒక్కణ్నే వెళ్లాను, వరసగా రెండు రాత్రిళ్లు.

సెవెన్త్ అవెన్యూ మీద ఎర్ర తలుపు, సన్నటి మెట్లు, కింద త్రికోణంలా ఇరుకైపోతూ పోయే నేలమాళిగ. కూర్చోగలిగేది 123 మంది. 1935లో మాక్స్ గోర్డన్ తెరిచాడు, ఇప్పటికీ నడుస్తోంది. సోమవారం అక్కడ పదహారు మంది బృందం వాయిస్తుంది. 1966 ఫిబ్రవరిలో థాడ్ జోన్స్, మెల్ లూయిస్ మొదలుపెట్టిన సోమవారాలు అవి. అంత చిన్న వేదిక మీద పదహారు మంది ఎలా పట్టారో! ముందు వరస సాక్సోఫోన్ల కింద నా గ్లాసు వణికింది. హోరు గొప్పగానే ఉంది, కానీ నన్ను కట్టిపడేసింది వాళ్లు గొంతు తగ్గించినప్పుడు. ఎనిమిది ఇత్తడి వాయిద్యాలు కలిసి గుసగుసగా పలకడం ఏ రికార్డులోనూ నాకు వినపడలేదు.

మంగళవారం పియానో, బాస్, డ్రమ్స్, ముగ్గురే. ఈ గదిలో ఈ మూడు వాయిద్యాలంటే నాకు గుర్తొచ్చేది 1961 జూన్ 25, ఆదివారం. ఆ రోజు బిల్ ఎవాన్స్ పియానో, స్కాట్ లాఫారో బాస్, పాల్ మోషన్ డ్రమ్స్ ఇక్కడే రికార్డు చేశారు. ఆ రికార్డులో గ్లాసులు తగిలే చప్పుడూ మాటలూ వినిపిస్తాయి. అక్కడున్న చాలామంది సరిగ్గా వినడం లేదు. పదకొండు రోజుల తర్వాత లాఫారో కారు ప్రమాదంలో పోయాడు, ఇరవై ఐదేళ్లకే. ఆ గ్లాసుల చప్పుడు విన్నప్పుడల్లా, అయ్యో కాసేపు ఆగి వినండర్రా, ఆ కుర్రాడు మళ్లీ వాయించడు అని అరవాలనిపిస్తుంది నాకు. ఆ ఏడాది నవంబర్‌లో సాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్‌ట్రేన్ ‘ఇండియా’ వాయించి రికార్డు చేసిందీ ఈ గదిలోనే. రవిశంకర్ సంగీతం మీద అభిమానంతో కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్న మనిషి ఆయన.

మూడో పాటలో బాస్ వంతు వచ్చింది. బాస్ గొంతు చిన్నది, మిగతావాళ్లు తగ్గితేనే పైకి వస్తుంది. డ్రమ్మర్ కర్రలు పక్కన పెట్టి తీగల బ్రష్‌లు తీసుకున్నాడు, తర్వాత అవీ ఆపి కాలి దగ్గరి సింబల్ మాత్రం చిటుక్కు చిటుక్కుమనిపించాడు. పియానో ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. మన కచేరీల్లో తని ఆవర్తనం మొదలుకాగానే కొందరు కాఫీకి లేస్తారు, ఆ భయం నాకు ఇక్కడా ఉంది. ఒక్కరూ లేవలేదు. చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దం. ఎక్కడో కింద సబ్‌వే రైలు వెళ్లిన గుడగుడ అరికాళ్లకి తెలిసింది. బాస్ ఆయన అదే గుడగుడకి దగ్గరగా ఉన్న ఒక కింది స్వరం మీద ఆగి, రైలు దాటిపోయేదాకా దాన్ని నిలబెట్టాడు. కావాలనే చేశాడో, చేతికలా వచ్చిందో! పియానో ఆయన కళ్లు తెరిచి ఆయన వైపు చూసిన చూపు మాత్రం నేను చూశాను. ఆ అరవై ఏళ్ల నాటి గ్లాసుల చప్పుడుకి ఎవరో జవాబు చెప్పినట్టు అనిపించింది నాకు.

బుధవారం పగలు క్వీన్స్‌లోని కరోనాకి వెళ్లాను. ఆర్మ్‌స్ట్రాంగ్ 1943 నుంచి 1971లో పోయేదాకా ఉన్న ఇల్లు అది, ఇప్పుడు మ్యూజియం. ప్రపంచమంతా తిరిగిన మనిషి చివరిదాకా ఈ మామూలు వీధిలోనే ఉన్నాడు. ఇంట్లో మాటలూ వాయించడాలూ టేపుల మీద పట్టుకోవడం ఆయనకి అలవాటు. ఆ గదుల్లో నిలబడి ఉండగా ఆ టేపుల్లోంచి ఆయన గొంతు వినిపించారు. నేను కాసేపు కదల్లేదు.

ఆఖరి రాత్రి మా మేనల్లుణ్ని బతిమాలి వెంట తీసుకెళ్లాను. స్మాల్స్ అనే ఇంకో నేలమాళిగ, 1994లో మొదలైంది. అర్ధరాత్రి దాటాక అక్కడ జామ్ సెషన్. ఎవరి వాయిద్యం వాళ్లు తెచ్చుకుంటారు, పేరు పిలిస్తే వేదికెక్కుతారు, ఒకరికొకరు పరిచయం ఉండాలని లేదు. ఏ పాట, ఏ శృతి, ఎంత వేగం, ఆ మూడు ముక్కలూ అనుకుని మొదలుపెట్టేస్తారు. వెళ్లేముందు వాడికి ఒక్కటే చెప్పాను. "చాలా పాటలు ముప్పై రెండు గతుల చక్రంరా. గతి అంటే మామూలుగా నాలుగు దెబ్బలు. ఎనిమిది గతులు ఒక వరస, మళ్లీ అదే, తర్వాత ఎనిమిది కొత్తవి, ఆఖర్న మళ్లీ మొదటిది. ముందు ఒకసారి పాట వాయిస్తారు. తర్వాత ఎవరు ఎంత అల్లినా ఆ చక్రం కింద తిరుగుతూనే ఉంటుంది. దాన్ని లోపల పాడుకుంటూ ఉండు."

రెండింటికి ఒక కుర్రాడు ఆల్టో సాక్సోఫోన్‌తో ఎక్కాడు. పంతొమ్మిదేళ్లుంటాయి. చాలా వేగంగా మొదలుపెట్టారు. మొదటి చక్రం బాగా వాయించాడు, రెండోది ఇంకా బాగా. మూడోదాంట్లో ఒక పొడుగాటి ప్రయోగం ఎత్తుకుని దాన్ని వదల్లేక వెళ్తూ వెళ్తూ, కొత్త వరస రావాల్సిన చోట పాత వరసలోనే ఉండిపోయాడు. నాకు టెన్షన్ మొదలైంది. మా వాడు నా చెవిలో, "మావయ్యా, ఈయన తప్పిపోయాడు కదూ?" అన్నాడు. నేను తల తిప్పి చూశాను. వాడి పెదవులు కదులుతున్నాయి, లోపల పాట పాడుకుంటున్నాడు.

కుర్రాడి వేళ్లు తడబడ్డాయి. ఎవరూ ఆపలేదు, ఎవరూ అతని వైపు చూడలేదు. బాస్ వాయిస్తున్న నడివయసు ఆయన విన్యాసాలన్నీ మానేసి ఒక్కో గతికి మూలస్వరం మాత్రం పట్టి, మెట్లు చూపించినట్టు దిగుతూ వచ్చాడు. పియానో ఆమె ఎడమచేత్తో తోడునిస్తూనే కుడిచేత్తో అసలు పాట మొదటి పలుకులు వినీ వినపడనట్టు అందించింది. చక్రం తిరిగి మొదటికి వచ్చే క్షణాన డ్రమ్మర్ సింబల్ మీద ఒక్క దెబ్బ, కొంచెం గట్టిగా. కాంగో స్క్వేర్‌లో ఆ పెద్దావిడ గంట!

కుర్రాడు ఒక గతి మౌనంగా నిలబడ్డాడు. ఊపిరి తీసుకున్నాడు. పియానో ఆమె అందించిన పలుకునే పట్టుకుని, దాన్నే తిప్పి, దాని మీద నుంచే ఎత్తుకున్నాడు. ఆ చక్రం అతను మొత్తం రాత్రిలో వాయించినవాటిలోకెల్లా మంచిది. వేగం తగ్గించి, నాలుగు స్వరాలు వాయించి, జవాబు కోసం ఆగి, మళ్లీ నాలుగు. మొదటి రెండు చక్రాల్లో అతను అలా ఒక్కసారీ ఆగలేదు. ఎవరో "యే!" అని అరిచారు. అరిచింది మా వాడేనని ఒక క్షణం తర్వాత అర్థమైంది నాకు.

పాట అయ్యాక కుర్రాడు బాస్ ఆయన దగ్గరికి వెళ్లి ఏదో అన్నాడు. ఆయన భుజం తట్టి, తలూపి, తర్వాతి పాటకి తీగలు సవరించుకోవడంలో పడ్డాడు.

మూడు దాటింది. పొద్దున్నే నాకు విమానం. మెట్లెక్కి పైకి వచ్చాం, వీధి తడిగా ఉంది. తలుపు మూసుకునేలోగా కింద ఇంకో పాట మొదలైంది, ఈసారి నెమ్మదిగా, డ్రమ్స్ మీద బ్రష్‌లు. మా మేనల్లుడు తలుపు పట్టుకుని నిలబడిపోయాడు.

"ఈ చక్రం అయ్యేదాకా ఉందాం మావయ్యా."

అయిదు చక్రాలయ్యాక గాని బయటికి రాలేదు.