నా చెస్ ఇంజన్ నాదేనని నిరూపించుకోవాల్సి వచ్చింది

నేను రాసిన చెస్ ఇంజన్‌ని, అంటే చెస్ ఆడే ప్రోగ్రామ్‌ని, ఇంజన్ల టోర్నమెంటులోకి తీసుకుంటున్నామని నిన్న రాత్రి మెయిల్ వచ్చింది. రెండే వాక్యాలు. ఇన్నాళ్లూ దాన్ని దొంగ సరుకన్నందుకు క్షమాపణ ఒక్క ముక్క లేదు. ఆ మంట ఆరకముందే రాస్తున్నాను. సొంతంగా ఇంజన్ రాస్తున్న మన పిల్లలకి పనికొస్తుంది.

రాయడం వరకూ దారి తెలిసిందే. ఎత్తులు పుట్టించే భాగాన్ని పెర్ఫ్ట్ లెక్కతో, అంటే ఎన్ని ఎత్తుల లోతుకి ఎన్ని ఆట దారులున్నాయో లెక్కబెట్టి, సరిచూసుకోవాలి. మొదటి స్థితి నుంచి, ఒకటి మొదలు నాలుగు ఎత్తుల లోతు దాకా వరుసగా 20, 400, 8,902, 1,97,281 రావాలి. అంతటితో ఆగకండి, ఆ లోతుల్లో అసలు క్యాస్లింగే (రాజు, రూక్ ఒకేసారి కదిలే ఎత్తు) రాదు. కివీపీట్ అనే పరీక్ష స్థితిలో 48, 2,039, 97,862 వచ్చాకే ముందుకెళ్లండి. ఆ తర్వాత ఆల్ఫా-బీటా (పనికిరాని దారుల్ని వదిలేసే వెతుకులాట), హ్యాష్ టేబుల్ (చూసేసిన స్థితుల్ని గుర్తుంచుకునే పట్టిక), యూసీఐ (ఇంజన్ బయటి ప్రోగ్రామ్‌లతో మాట్లాడే పద్ధతి). ప్రతి మార్పునీ పాత వెర్షన్ మీద వేల ఆటలు ఆడించి, ఎస్‌పీఆర్‌టీ అనే గణాంక పరీక్ష ఒప్పుకుంటేనే ఉంచాను. స్థితిని విలువ కట్టే న్యూరల్ నెట్‌వర్క్‌కి కూడా నా ఇంజన్ తనతో తాను ఆడిన ఆటలతోనే శిక్షణ ఇచ్చాను. బయటి డేటా ఒక్క ఆట కూడా వాడలేదు. ఆ మాట గర్వంగానే చెబుతాను.

ఎంట్రీ పంపాక మొదలైంది అసలు కథ. నిర్వాహకుడు సోర్సు కోడ్ అడిగాడు, ఇచ్చాను. కొన్నాళ్లకి, అందరూ చూసే చానల్లో, నా ఇంజన్ పేరు 'క్లోన్లు' (వేరే ఇంజన్ల కోడ్ నకళ్లు) అనే జాబితాలో కనిపించింది. నాకు ఒక్క మాట చెప్పలేదు. కారణం అడిగితే, పోలిక పరీక్షలో అందరికీ కోడ్ తెరిచి ఉన్న బలమైన ఇంజన్ స్టాక్‌ఫిష్ ఎత్తులతో మరీ ఎక్కువగా కలిసిందన్నాడు. బలమైన ఇంజన్లన్నీ మంచి ఎత్తునే ఎంచుతాయి కదా, మిగతా ఇంజన్లు ఎంత కలిశాయో చూపించమన్నాను. జవాబు లేదు.

అనుమానం తప్పని నేననను. రిబ్కా అనే ఇంజన్ 2007 నుంచి 2010 దాకా గెలిచిన నాలుగు ప్రపంచ టైటిళ్లనీ ఆ పోటీలు నడిపే ఐసీజీఏ సంస్థ 2011లో రద్దు చేసింది, క్రాఫ్టీ, ఫ్రూట్ అనే ఇంజన్ల కోడ్ వాడిందని తేల్చి. ఫ్యాట్ ఫ్రిట్జ్ 2 అనే ఇంజన్‌లో తమ కోడ్ వాడి లైసెన్సు షరతులు పాటించలేదని స్టాక్‌ఫిష్ వాళ్లు 2021లో దాన్ని అమ్మిన చెస్‌బేస్ కంపెనీ మీద కోర్టుకెళ్లారు. ఎవరిదో కోడ్ తెచ్చి, పేరు మార్చి, నాలుగు అంకెలు అటూ ఇటూ చేసి పంపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల వల్లే నాలాంటివాళ్లకి ఈ గతి. కానీ కోడ్ చేతిలో పెట్టుకుని, చదవకుండానే దొంగ అనడం ఏం న్యాయం?

చివరికి వీడియో కాల్‌కి పిలిచారు. ముగ్గురు కూర్చుని, వరుసలో వెనకొచ్చే ఎత్తుల్ని తక్కువ లోతుకే వెతికే సూత్రంలో ఈ అంకె ఎక్కడిది, ఆ అంకె ఎక్కడిదని పరీక్ష పెట్టారు. లోతు, వరుసలో ఎత్తు సంఖ్య, ఈ రెంటి లాగరిథమ్‌లు గుణించడం ఈ రంగంలో అందరికీ తెలిసిన పద్ధతి. నల్ మూవ్ (వెతుకులాటలో తన వంతు వదిలేసి చూసే కిటుకు) గురించి డానింగర్ అనే ప్రోగ్రామర్ 1993లోనే వ్యాసం రాశాడు. ఆలోచన ఎవరైనా వాడుకోవచ్చు, కోడ్ కాపీ కొట్టకూడదు. ఆ తేడా ఇంజన్ల పోటీ నడిపేవాళ్లకి నేను చెప్పాల్సి వచ్చింది. ఒకాయనైతే 'ఇంత బలం ఒక్క మనిషి వల్ల అవుతుందా?' అన్నాడు. గొంతు పూడుకుపోయింది. అయినా స్క్రీన్ పంచుకుని, ఇంజన్ ఏదో ఒక చెల్లే ఎత్తు గుడ్డిగా వేసే రోజుల్నుంచి నా గిట్ (కోడ్‌లో ప్రతి మార్పునీ తేదీతో దాచే సాధనం) చరిత్ర తెరిచాను. ఏ అంకె ఏ ట్యూనింగ్‌లో తేలిందో లాగ్‌లతో సహా చూపించాను. వాళ్లు అడిగిన పాత వెర్షన్లు అక్కడే కంపైల్ చేసి ఆడించాను. ఇక ప్రశ్నలు రాలేదు.

అందుకని, గిట్‌లో చిన్న చిన్న కమిట్లే (దాచే మార్పులే) పెట్టండి. నెలల పనిని ఒకేసారి కుమ్మరించకండి. శిక్షణ డేటా, లాగ్‌లు డిస్కు నిండినా చెరపకండి. నిర్వాహకులతో ఏ మాటైనా మెయిల్లోనే నడపండి, చాట్లో అన్నది రేపు వాళ్లు చెరిపేస్తారు.

నన్ను అట్టడుగు డివిజన్‌లో వేశారు. పర్వాలేదు, అక్కడి నుంచి పైకెళ్లే బలం నా ఇంజన్‌కి ఉంది. కానీ చానల్లో ఆ జాబితా ఇంకా అలాగే ఉంది. నా ఇంజన్ పేరు తీసేసి, తీసేశామని అక్కడే అందరికీ కనిపించేలా రాయమని ఇవాళ పొద్దున మళ్లీ మెయిల్ పెట్టాను. రాసేదాకా పెడుతూనే ఉంటాను.